స్కూలు ముందు రెండు నిమిషాలు ఆపితే 70 పౌండ్లా? బ్రిటన్‌లో కౌన్సిళ్ళు టికెట్లు ఎందుకు వేస్తాయంటే

మీరు అడిగింది ఇది: ఉదయం పాపను దింపడానికి స్కూలు గేటు ముందు రెండు నిమిషాలు కారు ఆపారు. మీరు దిగలేదు, ఇంజన్ ఆపలేదు, హజార్డ్ లైట్లు కూడా వేశారు. పది రోజులకు ఫొటోతో సహా 70 పౌండ్ల టికెట్ పోస్టులో వచ్చింది. "కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేక మన మీద పడింది, అంతే కదా? కట్టాలా, అప్పీల్ చేయాలా?"

ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ (ఊరి పాలన చూసే స్థానిక ప్రభుత్వ సంస్థ) తరఫున నేను నాలుగేళ్ళు వీధుల్లో పార్కింగ్ టికెట్లు రాసే వార్డెన్‌గా తిరిగాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆఫీసులో కూర్చుని, టికెట్ పడినవాళ్ళు రాసే ఉత్తరాలు చదివి, ఏది రద్దు చేయాలో ఏది ఉంచాలో తేల్చే పని చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ టికెట్ సంగతి. స్కూలు గేటు ముందు గీసే పసుపు జిగ్‌జాగ్ (వంకరటింకర) గీతల మీద, పక్కన బోర్డులో రాసిన వేళల్లో మీరు ఆపి ఉంటే ఆ టికెట్ సరైనదే. కెమెరా తీసిన ఫొటో ఆధారంగా పోస్టులో వచ్చింది కాబట్టి 21 రోజుల్లోపు కడితే సగమే, అంటే 35 పౌండ్లతో పోతుంది. బోర్డే లేకపోయినా, బోర్డు మీది వేళలు అయిపోయాక ఆపినా మాత్రం తొందరపడి కట్టకండి. అది ఎలా చూసుకోవాలో కింద చెబుతాను. కానీ మీ ప్రశ్నలో అసలు బాధ 35 పౌండ్ల గురించి కాదనిపించింది, "ఎందుకు" అన్నదాని గురించి. దానికే ఎక్కువ చోటు ఇస్తాను.

ఆ జిగ్‌జాగ్ గీతల దగ్గర నేను ఎన్నో ఉదయాలు నిలబడ్డాను. ఎనిమిదీ నలభై నుంచి తొమ్మిది దాకా, ఇరవై నిమిషాల పని. వచ్చిన ప్రతివాళ్ళూ ఆపేది ఒక్క నిమిషమే, ఆ మాట అబద్ధం కాదు. ఒక కారు కదలగానే వెనక కాచుకున్న ఇంకో కారు అదే చోటుకు వస్తుంది. ఎవరి లెక్కలో వాళ్ళది ఒక్క నిమిషం. రోడ్డు లెక్కలో మాత్రం ఆ ఇరవై నిమిషాలూ గేటు ముందు ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండదు. ఒకరోజు ఆరేళ్ళ పిల్లవాడు ఆగి ఉన్న రెండు పెద్ద కార్ల సందులోంచి రోడ్డు మీదికి తొంగిచూశాడు. వాడి తల కారు బానెట్ కంటే జానెడు కూడా పైకి లేదు. అటు నుంచి వస్తున్న వ్యాన్ డ్రైవర్‌కు వాడు కనబడే దారే లేదు. పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ పరుగున వచ్చి వాడి బ్యాగ్ పట్టుకుని వెనక్కి లాగింది. వ్యాన్ మామూలు వేగంతోనే వెళ్ళిపోయింది. ఆ డ్రైవర్‌కు ఏం తప్పిందో ఈరోజుకీ తెలిసి ఉండదు. ఆ రెండు కార్లవాళ్ళూ లోపలే కూర్చుని ఉన్నారు, ఇంజన్లు ఆన్‌లోనే ఉన్నాయి. ఆ పిల్లవాడికి మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు. అక్కడ అడ్డు ఉన్నది కారు, డ్రైవర్ కాదు. ఈ గీతల దగ్గర "కాసేపు చూసి అప్పుడు టికెట్ రాద్దాం" అన్న వెసులుబాటు లేకుండా, ఆపితే చాలు తప్పు అని పెట్టింది అందుకే.

వీధిలో మనం కారు ఆపే ప్రతి చోటూ, ఆ సమయానికి ఇంకెవరికో కావలసిన చోటే. ఒక్కోచోట ఆ ఇంకెవరో పిల్లవాడు, ఒక్కోచోట బస్సులో ఉన్న అరవైమంది, ఒక్కోచోట చక్రాల కుర్చీలో ఉన్న పెద్దాయన. కౌన్సిల్ వేసే ప్రతి టికెట్ వెనకా అలాంటి మనిషి ఒకరు ఉండాలి. కౌన్సిల్ ఆ మనిషిని చూపించగలిగితే టికెట్ న్యాయం. చూపించలేకపోతే మీరు అడగాలి, నిలదీయాలి. పన్నెండేళ్ళూ నేను ఈ లెక్కతోనే పనిచేశాను.

టికెట్లే లేకపోతే ఏమవుతుందో బ్రిటన్‌లో ఒక ఊరు చూసింది. వేల్స్ పడమటి తీరంలో అబరిస్ట్‌విత్ అని చిన్న యూనివర్సిటీ పట్నం. 2011లో పోలీసు శాఖ అక్కడి ట్రాఫిక్ వార్డెన్లను తీసేసింది. ఆ పనిని కౌన్సిల్ చేతికి తీసుకునేసరికి 2012 వేసవి వచ్చింది. మధ్యలో దాదాపు ఏడాదిపాటు ఊళ్ళో టికెట్ రాసేవాళ్ళే లేరు. మొదట్లో చాలామందికి హాయిగానే అనిపించింది. తర్వాత తెలిసింది, దుకాణాల ముందు పొద్దున పెట్టిన కారు సాయంత్రం దాకా కదలడం లేదని. సరుకు దించే వ్యాన్లకు చోటు లేదు, కొనడానికి వచ్చేవాళ్ళకు అసలే లేదు. చివరికి వార్డెన్లు మళ్ళీ రావాలని కోరినవాళ్ళలో దుకాణదారులే ఉన్నారు. "వార్డెన్ల వల్ల వ్యాపారం చచ్చిపోతోంది" అనే మాట నేను వీధిలో వారానికి రెండుసార్లైనా వినేవాణ్ణి. ఆ పెద్దమనుషులకు నేను చెప్పింది ఈ ఊరి సంగతే.

ఈ పని పోలీసులది కదా, కౌన్సిల్‌కు ఎలా వచ్చింది అని కూడా కొందరు అడుగుతారు. బ్రిటన్‌లో మొదటి పార్కింగ్ మీటర్ 1958లో లండన్ మేఫెయిర్‌లో పెట్టారు. 1960లో ట్రాఫిక్ వార్డెన్లు వచ్చారు, వాళ్ళు పోలీసుల కిందే ఉండేవాళ్ళు. అప్పట్లో తప్పుచోట కారు పెట్టడం నేరమే, కోర్టు దాకా వెళ్ళే విషయం. కార్లు పెరిగేకొద్దీ పోలీసులకు దొంగతనాలు చూడాలా పసుపు గీతలు చూడాలా అన్న పరిస్థితి వచ్చింది. 1991 రోడ్ ట్రాఫిక్ చట్టం ఈ తప్పుల్ని నేరాల జాబితా నుంచి తీసి, లండన్ కౌన్సిళ్ళకు అప్పగించింది. ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికీ ఇప్పుడున్న పద్ధతి 2004 ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ చట్టం కింద 2008 మార్చి 31న మొదలైంది. వార్డెన్ అని మనం పిలిచే మనిషికి అధికారికంగా సివిల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్ అన్న పేరు వచ్చింది కూడా అప్పుడే. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం వీధి పార్కింగ్ టికెట్లు కౌన్సిళ్ళు కాదు, ప్రభుత్వ శాఖే వేస్తుంది.

ఈ మార్పులో మీకు పనికొచ్చే ముక్కలు రెండున్నాయి. కౌన్సిల్ టికెట్ నేరం కాదు కాబట్టి లైసెన్స్ మీద పాయింట్లు పడవు, మీ వీసాకో ఉద్యోగానికో నేరచరిత్రగా రాదు. కొత్తగా వచ్చిన మన పిల్లలు దీని గురించి ఎంత భయపడతారో నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నాను. స్పీడింగ్, రెడ్ లైట్ దాటడం, డ్రైవింగ్‌లో ఫోన్ పట్టుకోవడం పోలీసుల వ్యవహారం, పాయింట్లు పడేది వాటికి. రెండో ముక్క, కౌన్సిల్ టికెట్‌కు జవాబుదారీ బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళే. నడిపింది స్నేహితుడైనా నోటీసు వచ్చేది మీకే.

గంటసేపు ఆపుకోవచ్చు, మళ్ళీ రెండు గంటల దాకా రాకూడదు అని బోర్డున్న బేలు (కారు ఆపుకోవడానికి గీతలు గీసిన చోట్లు) చూసే ఉంటారు. అక్కడ మేం టైర్ వాల్వ్ చూసేవాళ్ళం. చక్రానికి గాలి కొట్టే ఆ చిన్న గొట్టం ఎక్కడుందో గడియారం ముల్లులా రాసుకోవాలి: ముందు చక్రానిది మూడు గంటల దగ్గర, వెనక చక్రానిది ఎనిమిది దగ్గర. గంట దాటాక వచ్చి చూస్తాం. రెండూ అవే అంకెల దగ్గర ఉంటే బండి కదల్లేదు. కదిలి వెళ్ళి మళ్ళీ వచ్చి ఉంటే రెండు చక్రాలూ సరిగ్గా అదే చోట ఆగడం చాలా అరుదు. ఎవరో వచ్చి "ఇప్పుడే పెట్టాను" అంటే ఆ నోట్‌బుక్ చూపించేవాణ్ణి. ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఆ బే ఉన్నది రోజుకు ఎనిమిది తొమ్మిదిమంది మందుల షాపుకో పోస్టాఫీసుకో వచ్చి వెళ్ళడానికి. ఆ వీధిలోనే పనిచేసే ఒకరు పొద్దున్నే వచ్చి అక్కడ పెట్టేస్తే ఆ ఎనిమిదిమందీ చుట్టూ తిరుగుతూ ఉంటారు. రోడ్డు మీద రద్దీలో కొంత భాగం చోటు కోసం తిరిగే బండ్లదే.

మూల మలుపుల దగ్గర కథ వేరు. జంక్షన్‌కు 10 మీటర్ల లోపల ఆపొద్దని బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చెబుతుంది. మలుపులో కారుంటే మామూలు కారుకు ఇబ్బంది తెలియదు, చెత్త లారీకి తెలుస్తుంది. ఒకసారి ఒక సందు చివర మూలకు ఆనించి పెట్టిన చిన్న కారు వల్ల లారీ మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడి, చివరికి ఆ వీధిలో చెత్త ఎత్తకుండానే వెళ్ళిపోయింది. ఫైరింజన్ వస్తే ఏమయ్యేదో నేను వేరే చెప్పనక్కర్లేదు. అలాగే ఫుట్‌పాత్. లండన్‌లో 1974 చట్టం నుంచీ ఫుట్‌పాత్ మీద బండి పెట్టడం నిషిద్ధం. స్కాట్లండ్ 2019లో చట్టం చేసింది, 2024 జనవరిలో ఎడిన్‌బరాతో టికెట్లు మొదలయ్యాయి, 100 పౌండ్లు. కళ్ళు కనబడనివాళ్ళు, పిల్లల బండి తోసుకెళ్ళే తల్లులు రోడ్డు మీదికి దిగాల్సిన అవసరం రాకూడదని.

బ్లూ బ్యాడ్జ్ (వికలాంగులకు ఇచ్చే పార్కింగ్ పర్మిట్) బేల విషయంలో నేను కఠినంగానే ఉండేవాణ్ణి, ఇప్పటికీ ఉంటాను. వికలాంగుల బేలో "రెండు నిమిషాలే కదా" అని ఆపినవాళ్ళకు ఆ రెండు నిమిషాల్లో ఎవరొచ్చి వెళ్ళిపోయారో తెలియదు. వచ్చినవాళ్ళు హారన్ కొట్టరు, తగాదా పడరు. చోటు లేదని చూసి ఇంటికి తిరిగిపోతారు.

ఇక కదిలే బండ్ల మీద వేసే టికెట్లు: బస్ లేన్, కుడికి తిరగకూడని చోట తిరగడం, బాక్స్ జంక్షన్ (కూడలిలో ఖాళీగా ఉంచాల్సిన పసుపు గళ్ళ చోటు). వీటిలో చివరి రెండు లండన్ కౌన్సిళ్ళు చాలా ఏళ్ళుగా వేస్తున్నాయి. లండన్ బయట ఇంగ్లండ్ కౌన్సిళ్ళకు ఆ అధికారం కోరే వీలు 2022 మే 31 నుంచే వచ్చింది. ఒక్కో కొత్త చోట కెమెరా మొదలుపెట్టిన ఆరు నెలలూ మొదటిసారి తప్పు చేసినవాళ్ళకు డబ్బు అడగకుండా హెచ్చరిక లేఖ మాత్రమే పంపాలని ప్రభుత్వం చెప్పింది. అది తెలియక కట్టేసినవాళ్ళు ఉన్నారు, కాబట్టి కెమెరా ఎప్పుడు పెట్టారో తప్పకుండా అడగండి.

బాక్స్ జంక్షన్ నియమం చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. గళ్ళలో ఆగడమే తప్పు కాదు. మీరు గళ్ళలోకి ప్రవేశించి, ముందు ఆగి ఉన్న బండ్ల వల్ల గళ్ళలోనే ఆగాల్సి వస్తే తప్పు. కుడికి తిరగడానికి వచ్చి, ఎదురొచ్చే బండ్ల కోసం గళ్ళలో ఆగితే తప్పు లేదు. పాదచారి అడ్డం వచ్చి ఆగినా ఈ తప్పు కిందికి రాదు, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఆపింది ఆగి ఉన్న బండి కాదు. టికెట్ వస్తే వీడియో అడిగి, మిమ్మల్ని ఏది ఆపిందో చూడండి. నేను రద్దు చేసిన బాక్స్ టికెట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం మీదే.

ఇప్పుడు డబ్బు సంగతి. కౌన్సిల్‌కు ఈ డబ్బు చేదని నేను చెప్పను. టికెట్ల డబ్బుతోనే వార్డెన్ల జీతాలు, ఆఫీసు ఖర్చు వెళ్తాయి, చాలాచోట్ల మిగులు కూడా ఉంటుంది. కానీ ఆ మిగులును ఇష్టం వచ్చినట్టు వాడుకోవడానికి లేదు. 1984 రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టంలో 55వ సెక్షన్ అది దేనికి వెళ్ళాలో రాసింది: పార్కింగ్ వసతులు, ప్రజా రవాణా, రోడ్ల బాగు, పర్యావరణ పనులు. అదే చట్టం 122వ సెక్షన్ ప్రకారం ఈ అధికారాలన్నీ బండ్లూ మనుషులూ సాఫీగా, భద్రంగా సాగడానికే వాడాలి. దీనికి కోర్టు పరీక్ష కూడా జరిగింది. లండన్‌లో బార్నెట్ కౌన్సిల్ ఇళ్ళవాళ్ళ పార్కింగ్ పర్మిట్‌ను 40 పౌండ్ల నుంచి 100కు, చుట్టాల కోసం ఇచ్చే వోచర్‌ను 1 పౌండు నుంచి 4కు పెంచింది. ఆ డబ్బుతో ఇతర రవాణా ఖర్చులు పూడ్చుకోవాలన్నది ఉద్దేశం. అక్కడి నివాసి ఒకరు కేసు వేశారు. 2013లో హైకోర్టు ఆ పెంపు చెల్లదని తేల్చింది. ఈ చట్టం పన్ను వసూలు చేయడానికి ఉన్నది కాదు అన్నదే తీర్పు సారం. మా ఆఫీసులో ఆ తీర్పు వచ్చిన వారం పెద్ద చర్చే నడిచింది. దాని తర్వాత ఏ కాగితంలోనూ "ఆదాయం కోసం" అన్న మాట రాకుండా ఎంత జాగ్రత్తపడ్డారో నేను దగ్గర నుంచి చూశాను. మాట తీసేస్తే ఆశ పోదు. అందుకే ప్రతి కౌన్సిల్ ఏటా ప్రచురించే పార్కింగ్ లెక్కలు మనం చదవాలని అంటాను.

టికెట్ మొత్తం కూడా కౌన్సిల్ చేతిలో లేదు. లండన్ బయట ఇంగ్లండ్‌లో పెద్ద తప్పులకు గరిష్ఠంగా 70 పౌండ్లని ప్రభుత్వం 2008లో పెట్టింది, చాలా ఏళ్ళు అది మారలేదు. లండన్‌లో విడిగా నిర్ణయిస్తారు. అక్కడ పై స్థాయి టికెట్ 130 నుంచి 160 పౌండ్లకు 2025 ఏప్రిల్‌లో పెరిగింది. వార్డెన్లకు "ఇన్ని టికెట్లు రాయాలి" అని లక్ష్యం పెట్టకూడదని, రాసినన్నిటికి బోనస్ ఇవ్వకూడదని ప్రభుత్వ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. నా నాలుగేళ్ళలో నాకు ఒక్క టికెట్‌కీ పైసా అదనంగా రాలేదు. నన్ను తిట్టినవాళ్ళంతా వస్తుందనే నమ్మారు.

కౌన్సిల్ తప్పు చేయదని మాత్రం అనుకోకండి. ఒకే వీధి నుంచి వారంలో పదకొండు ఉత్తరాలు వచ్చాయి నాకు, అందరిదీ ఒకటే మాట: బోర్డు కనబడలేదు. పదకొండోది చదివాక నేనే బండి వేసుకుని వెళ్ళి చూశాను. బోర్డు ఉంది. కానీ దాని ముందు చెట్టుకొమ్మ ఏపుగా పెరిగి, అక్షరాలు సగం ఆకుల్లో ఉన్నాయి. వార్డెన్ తీసిన ఫొటో స్తంభం పక్కనే నిలబడి తీసింది, అందులో స్పష్టంగా కనిపిస్తోంది. డ్రైవర్ సీట్లోంచి కనిపించదు. పదకొండూ రద్దు చేశాం. అప్పటికే సగం ధర కట్టేసి ఊరుకున్న మిగతావాళ్ళకూ వెనక్కివ్వాలని నేను రాశాను. నెలలు పట్టింది కానీ ఇచ్చారు. ఆ వీధిలో కొమ్మ కొట్టేసే దాకా ఎవరి అవసరాన్నీ ఆ టికెట్లు కాపాడలేదు. అలాంటి చోట డబ్బు తీసుకోవడం తప్పు, పూర్తిగా తప్పు.

అభ్యంతరం రాసేటప్పుడు, చదివే మనిషి ఏం వెతుకుతారో చెబుతాను. "నేను ఇరవై ఏళ్ళుగా కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నాను", "వార్డెన్ మర్యాదగా లేడు", "ఇంకో పదిమంది కూడా ఆపారు": ఇవి నిజమే కావచ్చు, కానీ వీటి మీద రద్దు చేసే అధికారం మాకు ఉండదు. హజార్డ్ లైట్లు ఆపకూడని చోట ఆపడానికి అనుమతి కాదు. పనికొచ్చేవి వేరు. తప్పు జరగనే లేదు, బోర్డో గీతో సరిగా లేదు, బండి అప్పటికే అమ్మేశాను, బండి నా అనుమతి లేకుండా తీసుకెళ్ళారు, అడిగిన మొత్తం చట్టం చెప్పినదానికంటే ఎక్కువ, కౌన్సిల్ తాను పాటించాల్సిన పద్ధతి తప్పింది. గీత చివర చిన్న ముక్క చెరిగిపోయిందని సాధించలేరు. చూసిన డ్రైవర్‌కు అర్థమయ్యేలా ఉందా లేదా అన్నదే చూస్తారు. ఇవేవీ కాకపోయినా, దారిలో ఆరోగ్యం పాడైనా, బండి చెడిపోయినా కాగితాలతో సహా రాయండి. గారేజ్ బిల్లు, ఆసుపత్రి చీటీ ఒక్కటి జతచేస్తే నాలుగు పేజీల ఆవేశం కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఇంగ్లండ్‌లో డబ్బు కట్టి ఆపే కౌన్సిల్ బే అయితే, సమయం అయిపోయాక 10 నిమిషాల గడువు 2015 నుంచి చట్టంలోనే ఉంది. తొమ్మిదో నిమిషంలో టికెట్ రాసి ఉంటే ఒక్క వాక్యం చాలు.

ఎంత కాలం ఉందో కూడా తెలుసుకోండి. అద్దానికి అంటించిన టికెట్‌కు సగం ధర 14 రోజులు, పూర్తి ధరకు 28. ఆ 14 రోజుల్లో అభ్యంతరం రాస్తే, కాదన్నా కూడా సగం ధర మళ్ళీ ఇవ్వడం చాలా కౌన్సిళ్ళ పద్ధతి. కాబట్టి డిస్కౌంట్ పోతుందనే భయంతో నోరు మూసుకోనక్కర్లేదు. తర్వాత ఓనర్‌కు నోటీసు వస్తుంది, దానికి 28 రోజుల్లో అధికారిక అభ్యంతరం. కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే మీ మాటే నెగ్గినట్టు. కాదంటే స్వతంత్ర ట్రైబ్యునల్‌కు వెళ్ళొచ్చు. లండన్‌లో లండన్ ట్రైబ్యునల్స్, మిగతా ఇంగ్లండ్, వేల్స్‌కు ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్. ఫీజు లేదు, అక్కడ కూర్చునేది కౌన్సిల్ మనుషులు కాదు, లాయర్లు. అక్కడికి వెళ్తారని తెలియగానే కొన్ని కౌన్సిళ్ళు వెనక్కి తగ్గడం నేను చూశాను. మీ వైపు న్యాయం ఉంటే ఆ దాకా వెళ్ళండి.

చేయకూడనిది ఒక్కటే, టికెట్‌ను డ్రాయర్‌లో పడేసి మరిచిపోవడం. మనవాళ్ళ కుర్రాడు ఒకడు ఇల్లు మారి, బండి కాగితాల్లో చిరునామా మార్చలేదు. బండ్ల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏ దగ్గరున్న పాత చిరునామాకే నోటీసులన్నీ వెళ్ళాయి. 70 పౌండ్లది గడువు దాటి సగం పెరిగి 105 అయింది. దాని మీద కోర్టు రిజిస్ట్రేషన్ ఖర్చు, దాని మీద బెయిలిఫ్ (బాకీ వసూలు చేసే అధికారి) ఫీజులు. ఒక ఉదయం బండి చక్రానికి, కదలకుండా బిగించే క్లాంప్ చూశాకే వాడికి అసలు టికెట్ ఉందని తెలిసింది. నోటీసు అందలేదని, ఈ బాకీలు నమోదు చేసే కోర్టు విభాగమైన ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌కు ప్రమాణపూర్వకంగా రాసే ఫారం ఉంది. అది వేసి వెనక్కి తిప్పించుకోగలిగాం. కానీ వాడు ఆ నెలంతా నిద్రపోలేదు. ఇల్లు మారితే బండి చిరునామా మార్చడం ఉచితం, ఈరోజే చేయండి.

ఇంకో విషయం కలిసిపోకుండా చూసుకోండి. సూపర్‌మార్కెట్‌లోనో ఆసుపత్రి ఆవరణలోనో ప్రైవేట్ కంపెనీ వేసేది "పార్కింగ్ చార్జ్ నోటీస్". కౌన్సిల్‌ది "పెనాల్టీ చార్జ్ నోటీస్". రెండింటి పొట్టి పేరూ పీసీఎన్‌యే. ప్రైవేట్‌ది ఒప్పందం కింద అడిగే బిల్లు, దాని దారి వేరు, పైన చెప్పిన ట్రైబ్యునళ్ళు దాన్ని చూడవు.

ఇక మీ టికెట్‌కు వద్దాం. నోటీసు మీద ఇచ్చిన నంబరుతో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి ఫొటోలూ వీడియో ఉంటే అదీ తెరవండి. మీ చక్రాలు జిగ్‌జాగ్ మీద ఉన్నాయో లేదో పెద్దది చేసి చూడండి. రేపు పాపను కాస్త దూరంలో దింపి నడిపించుకుని వెళ్ళి, గేటు దగ్గర బోర్డు ఉందా, దాని మీద ఏ రోజులు ఏ వేళలు రాసి ఉన్నాయి అన్నది డ్రైవర్ కూర్చునే ఎత్తు నుంచి ఫొటో తీసుకోండి. నోటీసు మీది సమయంతో పోల్చండి. తప్పు జరిగిన రోజు నుంచి 28 రోజులు దాటాక నోటీసు పంపి ఉంటే అది కూడా రాయండి, మీ విషయంలో పది రోజులే కాబట్టి అది వర్తించదు. బోర్డు ఉండి, వేళలు సరిపోయి, చక్రాలు గీతల మీద ఉంటే 35 పౌండ్లు కట్టేయండి. ఏ ఒక్కటి తేడా ఉన్నా ఆ ఫొటోలు ఇక్కడ పెట్టండి, అభ్యంతరం ఎలా రాయాలో నేను కూర్చుని రాసిస్తాను.